తొలి క్రిస్మస్ ఎవరింట్లో?

కొత్తగా పెళ్లయిన క్రైస్తవ జంటకు క్రిస్మస్ పేచీ డిసెంబర్ దాకా ఆగదు. అక్టోబర్‌లోనే మొదలవుతుంది. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తున్నారు కాబట్టి, డిసెంబర్ 24 ప్రయాణానికి అక్టోబర్ 25 పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఏ ఊరికి తీయాలి? ఆమె పుట్టింటికా, అతనింటికా? పెళ్లిచూపుల్లో జీతం అడిగారు, సొంతిల్లు అడిగారు, ఏ సంఘమో కూడా అడిగారు. డిసెంబర్ 24 అర్ధరాత్రి మీ ఇంట్లో మేలుకుని ఉంటారా, పడుకుంటారా అని మాత్రం ఎవరూ అడగలేదు.

తొలి ఏడాది వరకూ పాత మర్యాద ఒక దారి చూపిస్తుంది. కొత్త అల్లుడు తొలి పండక్కి అత్తారింటికి రావాలి. సంక్రాంతి పేరున నడిచే ఈ ముచ్చట చర్చి గడప దగ్గర ఆగిపోలేదు. చాలా క్రైస్తవ ఇళ్లలో అది క్రిస్మస్‌కు మారిందంతే. కొత్త బట్టలు, వీలైతే ఉంగరం, నాటుకోడి కూరలో మంచి ముక్కలు, మరదళ్ల ఆటపట్టింపులు, అన్నీ మామూలే. కాకపోతే భోజనానికి ముందు ఇద్దరూ చర్చిలో ముందు వరసలో కూర్చోవాలి. ఆరాధన చివర్లో అయ్యగారు కొత్త జంటను పిలిచి, తలల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. కృతజ్ఞత కానుక కవరు మామగారు ముందే అల్లుడి జేబులో పెట్టి ఉంటారు.

అల్లుడు అక్కడ కోడి కూర తింటుండగా, ఇక్కడ అతని తల్లి ఆ ఫొటో వాట్సాప్‌లో చూసుకుంటుంది. పెళ్లికి ముందు ఇరవై ఎనిమిది క్రిస్మస్‌లు ఆ కొడుక్కి తనే తలంటుపోసింది. కాబట్టి ఆచారం దారి చూపించినంత మాత్రాన ఇద్దరు అమ్మల మనసుల్లో లెక్క తేలిందని కాదు. రెండో ఏడాదికి ఆ ఆచారం కూడా తోడు రాదు.

ఈ కథనం కోసం హైదరాబాద్, గుంటూరు, విజయవాడల్లో కొన్ని జంటలతో మాట్లాడాను. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. త్రిత్వం మీదో బాప్తిస్మం మీదో పోట్లాడుకున్న జంట నాకు ఒక్కటీ దొరకలేదు. పోట్లాటంతా గడియారం మీద, గ్యాస్ పొయ్యి మీద.

ఏ జిల్లాకు ఆ మిషన్

తెలుగు క్రైస్తవుల్లో ఒక్కో ఇంటి పండగ ఒక్కోలా ఉండడానికి భక్తి కన్నా భూగోళం పెద్ద కారణం. 19వ శతాబ్దంలో వచ్చిన మిషన్లు తెలుగు నేలను దాదాపు పంచుకున్నాయి. గుంటూరుకు 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ వచ్చారు, అది లూథరన్ల సీమ అయింది. అంతకు ముందు ఏడాదే మచిలీపట్నంలో ఆంగ్లికన్ మిషనరీలు దిగారు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. ఒంగోలు ప్రాంతంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 1878లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కాకినాడ నుంచి పైకి కెనడా బాప్టిస్టులు. నరసాపురం చుట్టుపక్కల 1836 నుంచీ బ్రదరెన్ వాళ్ల గోదావరి డెల్టా మిషన్. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. వీళ్లందరి కన్నా ముందు నుంచే ఫిరంగిపురం లాంటి చోట్ల కతోలికులున్నారు. మనవాళ్ల మాటలో ఆర్‌సీఎం.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు ఒక గొడుగు కిందికి వచ్చారు. బాప్టిస్టులు, లూథరన్లు దాని బయటే ఉండిపోయారు. దాంతో ఒక ఊరివాళ్లకు పండగంటే పశువుల పాక, పక్క జిల్లావాళ్లకు తెల్లవారుజాము ఆరాధన, ఇంకో చోట సండే స్కూలు పిల్లల నాటకం. గొర్రెల కాపరికి తలకు తువ్వాలు చుట్టడం మాత్రం అన్ని సంఘాల్లోనూ ఒకటే.

పెళ్లిళ్లు కూడా చాలాకాలం ఈ గీతల లోపలే జరిగాయి. ఇంకా నిజం చెప్పుకోవాలంటే వీటికన్నా గట్టి గీత కులానిది. ‘మిషన్ వేరైనా సర్దుకుంటాం గానీ...’ అని మొదలయ్యే మాట ఎక్కడ ముగుస్తుందో తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది. మిషన్ల గీతలు చెరుగుతున్నాయంటే ఆ గొప్పతనం సంఘ పెద్దలది కాదు, హైదరాబాద్ ఉద్యోగాలది. మాదాపూర్‌లో ఒకే క్యాబ్‌లో ఆఫీసుకు వెళ్లే ఇద్దరిలో ఒకరు ఆర్‌సీఎం, ఒకరు బాప్టిస్టు అయితే, ఆ సంగతి మొదటి డిసెంబర్ వచ్చేదాకా పెద్దగా పట్టదు.

అర్ధరాత్రా, తెల్లవారుజామా?

ఆమెది ఫిరంగిపురం దగ్గర పల్లె, ఆర్‌సీఎం. అతనిది తెనాలి వైపు లూథరన్ కుటుంబం. ఇద్దరూ గచ్చిబౌలిలో పనిచేస్తారు. పెళ్లికి ముందు ఆమె తమ విచారణ గురువు, అంటే చర్చి ఫాదర్ దగ్గరకు వెళ్లి కాగితాలు నింపాల్సి వచ్చింది. కతోలికులు బాప్తిస్మం పొందిన ఇతర సంఘస్థులను పెళ్లాడాలంటే అనుమతి తీసుకోవాలి, పిల్లల్ని కతోలిక విశ్వాసంలో పెంచడానికి తన శాయశక్తులా ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. 1983 నాటి కానన్ చట్టం చెప్పేది అదే. ఆ మాట అతనికీ తెలియజేశారు, అతను తలూపాడు. అంత పెద్ద విషయం అరగంటలో తేలిపోయింది. తేలనిది 24 రాత్రి.

ఆమె పుట్టింట్లో పండగంటే అర్ధరాత్రి పూజ. సాయంత్రమే స్నానాలు. పది దాటాక గుళ్లో పాటలు మొదలవుతాయి. చాపల మీద పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతుంటారు. మహిమ గీతం ఎత్తుకోగానే గంటలన్నీ ఒక్కసారిగా మోగుతాయి, పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. అప్పటిదాకా ఖాళీగా ఉన్న పశువుల తొట్టిలోకి బాలయేసు స్వరూపం వస్తుంది. పూజయ్యాక అందరూ వరసలో వెళ్లి ఆ స్వరూపాన్ని ముద్దు పెట్టుకుంటారు. ఇంటికొచ్చేసరికి రెండు. వేడివేడిగా ఏదో ఒకటి తిని పడుకుంటే, మళ్లీ లేచేది తొమ్మిదికి.

అతనింట్లో 24 రాత్రి పదికల్లా దీపాలార్పేస్తారు. మూడింటికి అమ్మ లేస్తుంది. పొయ్యి మీద నీళ్లు, కుంకుడు రసం, కొత్త చొక్కా గంజి వాసన. నాలుగున్నరకు ఆరాధన. ఏడుకల్లా ఇంట్లో గారెలు, కోడి కూర. ఆ చీకట్లో, ఆ చలిలో నడుచుకుంటూ చర్చికి వెళ్లడమే అతనికి పండగ. మిగిలిందంతా సెలవు రోజు కిందే లెక్క.

తొలి ఏడాది ఆచారం ప్రకారం ఆమె ఊరికి వెళ్లారు. పూజ మధ్యలో అల్లుడుగారు కునికారు. తర్వాత ముద్దు పెట్టుకునే వరస వచ్చింది. విగ్రహం ముందు ఎప్పుడూ నిలబడని మనిషి. వెనక్కి తగ్గితే మామగారికి చిన్నతనం, ముందుకెళితే తనకు ఇబ్బంది. చివరికి బాలయేసు పాదాన్ని చేత్తో తాకి పక్కకు జరిగాడు. మామగారు చూశారు, ఏమీ అనలేదు. ఇంటికొచ్చి నడుం వాల్చిన గంటకు తెనాలి నుంచి ఫోను. “లేచావా నాన్నా? స్నానమైందా?” అతనింకా నిద్రే పోలేదు.

రెండో ఏడాది గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఆమె పశువుల పాక కట్టింది. గడ్డి, రంపపు పొట్టు, అద్దం ముక్కతో చెరువు, ఆవాలు మొలకెత్తించి పచ్చిక. అత్తగారు వచ్చి చూసి మురిసిపోయారు. గొర్రెలు బాగున్నాయన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, “అమ్మాయ్, పండగయ్యాక కూడా మరియమ్మగారి బొమ్మ ఇక్కడే ఉంటదా?” అని అడిగారు. ఉండదత్తయ్యా, జనవరిలో అన్నీ పెట్టెలో సర్దేస్తానని కోడలు చెప్పింది. పడగ్గదిలో అలమరా మీదున్న ఇంకో మరియమ్మ సంగతి ఎత్తలేదు. అత్తగారూ ఆ గదిలోకి వెళ్లి చూడలేదు. చూసే ఉంటారని నా అనుమానం.

ఈ జంట ఇంట్లో ఇంకో చోద్యం ఉంది. ఆమె తెచ్చిన వాటిలో ఆగమన కాలపు చక్రం ఒకటి. పచ్చని ఆకుల వలయంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టి, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో వారానికొకటి వెలిగిస్తూ వస్తారు. అతను దాన్ని ‘మీ ఆర్‌సీఎం వాళ్ల పద్ధతి’ అనేవాడు. దాన్ని మొదలుపెట్టింది హాంబర్గ్‌లో అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిచ్ విచెర్న్, 1839లో. ఆయన లూథరన్. పండగ ఇంకెన్నాళ్లని పిల్లలు వేధిస్తుంటే బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజులు చూపించాడంటారు. తన సంఘం పెద్దాయన కనిపెట్టిన పద్ధతిని అతను భార్య పుట్టింటి నుంచి నేర్చుకున్నాడన్నమాట. ఇక క్రిస్మస్ చెట్టు. అది జర్మన్ లూథరన్ ఇళ్లలో పెరిగిన అలవాటు. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చౌక్‌లో చెట్టు నిలబడింది 1982లో, రెండో జాన్‌పాల్ హయాంలో. పశువుల పాక కతోలికులదే, 1223లో గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ బతికున్న ఎద్దును, గాడిదను నిలబెట్టి చేసిందే దానికి మూలం. మరి అందరిదీ అనుకునే నక్షత్రం? కాగితపు నక్షత్రాన్ని ఇంటింటికీ చేర్చిన పేరు జర్మనీలోని మొరావియన్ సంఘానిది. వాళ్ల బడిలో 1830లలో లెక్కల పాఠం కోసం చేయించిన బొమ్మ అది. మన ఊళ్లలో వెదురు బద్దలు, రంగు కాగితాలు, లోపల బల్బుతో డాబా మీదికెక్కే స్టారు దాని దూరపు చుట్టమే.

‘మా ఇంటి పద్ధతి’ అని పట్టుబట్టే ముందు అది ఎవరింటి నుంచి వచ్చిందో కాస్త వెతికితే చాలా పట్టుదలలు సడలుతాయి. గడియారం మాత్రం సడలదు. చివరికి వీళ్లిద్దరూ చేసుకున్న ఒప్పందం ఇది. ఒక ఏడాది అర్ధరాత్రి పూజ, మరో ఏడాది తెల్లవారుజాము ఆరాధన. ఒకే రాత్రి రెండూ పెట్టుకోరు. ఒకసారి అదీ ప్రయత్నించి, 25న మధ్యాహ్నం బంధువుల ముందు కంచంలో చేయి పెట్టుకుని నిద్రపోయారట. సమానంగా పంచాలన్న తాపత్రయంలో పండగను గంటలుగా కోసుకునే జంటలు ఈమధ్య ఎక్కువయ్యాయి. పొద్దున మీ ఇల్లు, సాయంత్రం మా ఇల్లు, మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు. న్యాయంగానే ఉంటుంది, కానీ కారు దిగి ఎవరింట్లోనూ స్థిమితంగా కూర్చున్నట్టుండదు. ఏడాది విడిచి ఏడాది పద్ధతే నాకు మేలనిపించింది.

పాకం ఎవరు పడతారు?

రెండిళ్ల ఆచారాలూ కలపాలి అని చెప్పడం తేలిక. రెండిళ్ల పిండివంటలూ ఉండి తీరాలని తీర్మానించేది సాధారణంగా హాల్లో కూర్చున్నవాళ్లు.

ఆమెది మెదక్, సీఎస్‌ఐ. అతనిది నెల్లూరు జిల్లా, బాప్టిస్టు. మెదక్‌లో పుట్టినవాళ్లకు క్రిస్మస్ అంటే రెండర్థాలున్నాయి. ఒకటి ప్రభువు పుట్టినరోజు, రెండు చర్చి పుట్టినరోజు. కరువులో జనానికి పని, తిండి చూపిస్తూ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ మహా దేవాలయాన్ని ప్రతిష్ఠించింది 1924 డిసెంబర్ 25నే. 175 అడుగుల గోపురం చూడ్డానికి ఆ రోజు హిందువులు, ముస్లింలు, పక్క జిల్లాలవాళ్లు వేలల్లో వస్తారు. “మా చర్చిల మాకే జాగ దొరకదు” అంటుందామె నవ్వుతూ. అందుకే వాళ్లింట్లో తెల్లవారుజాము ఆరాధనకే వెళ్లొచ్చి, జనం దిగేలోపు తలుపులేసుకుని వంటలో పడతారు. బగారన్నం, మటన్ కూర, గరిజెలు, సకినాలు. సంక్రాంతికి నెల ముందే ఆ ఇంట్లో సకినాల చుట్లు తిరుగుతాయి.

అతనింట్లో అరిసెలు లేకపోతే పండగ కాదు. అరిసెలంటే మాటలు కాదు. బియ్యం నానాలి. తడి ఆరకముందే పిండి పట్టించాలి, జల్లించాలి. బెల్లం పాకం ముదిరితే అరిసె రాయిలా తయారవుతుంది, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. చలిమిడి కలిపే చేయి ఒకటి, తట్టే చేయి ఒకటి, వేయించే చేయి ఒకటి, చెక్కల మధ్య నొక్కి నూనె పిండే చేయి ఇంకొకటి. ఊళ్లో ఈ చేతులన్నీ ఉండేవి. పిన్ని, పక్కింటి అక్క, చర్చి స్త్రీల సమాజంలో ఇద్దరు ముగ్గురు. కూకట్‌పల్లి రెండు గదుల ఫ్లాట్‌లో ఉన్నవి రెండు చేతులు. అవీ ఆరింటిదాకా ఆఫీసులో ఉంటాయి.

తొలి ఏడాది ఆమె గరిజెలూ చేసింది, సకినాలూ చేసింది, అత్తగారు ఫోన్లో చెబుతుంటే అరిసెలూ చేసింది. 24 రాత్రి కేరల్స్ బృందం వచ్చి తలుపు తడితే లేచి టీ పెట్టే ఓపిక కూడా మిగల్లేదు. హాల్లో భర్త వాళ్లతో కలిసి కంజీర వాయించాడు. రెండో ఏడాది ఆమె ఒకే ఒక్క నియమం పెట్టింది. ఎవరి పుట్టింటి వంట వాళ్లే చేయాలి.

అతను మగవాడిగా మాట నిలబెట్టుకున్నాడు, పొయ్యి దగ్గర నిలబడ్డాడు. మొదటి వాయి నూనెలో కరిగిపోయింది. రెండో వాయికి పాకం ముదిరింది. “ఉండపాకం రా, ఉండపాకం. చల్లనీళ్లలో వేస్తే ఉండ కట్టాలి, కంగుమనకూడదు” అని నెల్లూరు నుంచి తల్లి వీడియోకాల్లో అరుస్తూనే ఉంది. మూడో ఏడాది అక్టోబర్‌లో అతనే ప్రకటించాడు. అరిసెలు ఇంట్లోనే చేయాలని బైబిల్లో ఎక్కడా లేదు, మిఠాయి కొట్లో తెచ్చుకోవచ్చు. గరిజెలు మాత్రం ఇంకా ఇంట్లోనే అవుతున్నాయి. వాటికిప్పుడు అంచులు మడిచేది అతనే. అరిసెల దగ్గర పోయిన పరువు అక్కడ కొంత దక్కిందంటాడు.

ఈ నియమాన్ని నేను చాలామందికి చెప్పాను. ఆడవాళ్లందరూ నవ్వారు. మగవాళ్లలో కొందరు బేకరీ కేకు కూడా సంప్రదాయమేనని వాదించారు.

చేయకపోవడమూ ఆచారమే

రెండు రకాల పండగలను కలపొచ్చు. ఒకవైపు పండగే లేకపోతే? నరసాపురం దగ్గర ఒక బ్రదరెన్ కుటుంబంలో పెరిగిన అమ్మాయి విజయవాడలో సీఎస్‌ఐ ఇంటి కోడలైంది. ఆ సంఘాల్లో చాలా కుటుంబాలు క్రిస్మస్‌ను ప్రత్యేకంగా చేయవు. లేఖనాల్లో తేదీ లేదు, ఆచరించమన్న ఆజ్ఞా లేదు. ప్రతి ఆదివారం రొట్టె విరిచే బల్ల ఉంది, అది చాలు. “25న కూడా మా నాన్న చేపల చెరువు దగ్గరికే వెళ్లేవారు” అందామె. స్టార్ లేదు, చెట్టు లేదు, కేకు పక్కింటివాళ్లు పంపితే తిన్నారు.

ఇది మనకు వింతగా అనిపించొచ్చు గానీ, క్రైస్తవ చరిత్రలో కొత్తేమీ కాదు. అమెరికాలో మసాచుసెట్స్ ప్యూరిటన్లు 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకు ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681 దాకా ఆ చట్టం నిలిచింది. స్కాట్లాండ్‌లో డిసెంబర్ 25 ప్రభుత్వ సెలవు అయింది 1958లో.

అత్తారింట్లో ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆమె కూడా ఎవరికీ బోధ చేయలేదు. చర్చికి వెళ్లింది, పాటలు పాడింది, వంటకు సాయం చేసింది. చిక్కంతా చీర దగ్గర. 25న పాత చీరే కట్టుకుంది. వచ్చిన బంధువుల్లో ఒకావిడ, “ఏమే, కొత్త కోడలికి చీర కూడా పెట్టలేదా?” అని అత్తగారినే నిలదీసింది. కోడలి విశ్వాసం కాస్తా అత్తగారి పరువు సమస్య అయి కూర్చుంది. మర్నాటి రాత్రి ఇద్దరూ మాట్లాడుకున్నారు. అప్పటి నుంచి డిసెంబర్ చీరను అత్తగారే కొంటారు. కోడలు దాన్ని పండక్కి ముందు వచ్చే ఆదివారం ఆరాధనకు కట్టుకుంటుంది, 25న మళ్లీ అదే కట్టుకుంటుంది. అప్పటికి అది కొత్తదీ కాదు, పాతదీ కాదు. ఎవరి మనస్సాక్షీ నలగలేదు.

నేను చూసిన రాజీలన్నిట్లో ఇది తెలివైనది. కానీ ఇందులో ఒక పక్షమే కనిపిస్తుంది. ఇరవై మంది బంధువుల మధ్య, సౌండ్ బాక్సుల మధ్య ఆమెకు లేనిది పుట్టింటి 25వ తేదీ. ఏ హడావిడీ లేని, మామూలు రోజు లాంటి రోజు. అది కావాలని అడిగితే అత్తారింట్లో ఏమని అడగాలో ఆమెకు ఇంకా తెలియడం లేదు. డిసెంబర్ ఒకటి నుంచే సెమీ క్రిస్మస్ పేరిట ఫ్లెక్సీలు, మైకులు, అతిథి ప్రసంగాలు నడిచే మన ఊళ్లలో ఆ ప్రశాంతత మీద నాకూ ఆశ పుట్టింది.

ముగ్గు, స్టారు, మాల

భర్త హిందువు, భార్య క్రైస్తవురాలు అయిన ఇంట్లో తేదీల తంటా ఇంకో రకం. డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది. సంక్రాంతి దాకా వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు. అదే వాకిలి మీద స్టారు వేలాడుతుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది, ఫొటోలూ బాగా వస్తాయి. ఇబ్బంది లోపల, వంటింట్లో. కాకినాడలో ఒక ఇంట్లో మరిది ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. 41 రోజుల మండల దీక్ష డిసెంబర్ 26, 27 నాటికి గానీ పూర్తవదు. కొత్త కోడలి తొలి క్రిస్మస్ బిర్యానీ సరిగ్గా ఆ దీక్ష చివరి రోజుల మీద పడింది. స్వామి ఉన్న ఇంట్లో మాంసం వండడం కుదరదు. క్రిస్మస్ నాడు పప్పన్నం తినమని కోడలికి చెప్పడానికీ అత్తగారికి మనసొప్పలేదు. వీధి చివర కోడలి తల్లి ఇంట్లో బిర్యానీ వండారు. మరిది తప్ప అందరూ అక్కడికి వెళ్లి తిన్నారు. మాల తీసి వచ్చిన రోజున వదిన అతనికోసం మళ్లీ వండింది. అలా ఆ ఇంట్లో క్రిస్మస్‌కు రెండు బిర్యానీలు ఆచారమైపోయాయి.

ప్రసాదం దగ్గర ఇంకా సున్నితం. కోడలి తల్లి పెంతెకొస్తు సంఘం మనిషి, నైవేద్యం పెట్టినది ముట్టరు. ధనుర్మాసం పొంగలి పంపితే మొహమాటంగా తీసుకుని పక్కన పెట్టేవారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి అత్తగారు వియ్యపురాలి కోసం ఒక చిన్న గిన్నెలో విడిగా వండుతున్నారు. “ఇది దేవుడికి చూపించలేదు వదినగారూ, తినొచ్చు” అని చెప్పి మరీ ఇస్తారు. అవతలి నుంచి గుడ్డు లేని కేకు వస్తుంది. బొట్టు సంగతి మాత్రం రెండిళ్లలోనూ ఎవరూ ఎత్తరు. కోడలు పుట్టింటికి వెళ్లేటప్పుడు స్టిక్కర్ తీసి స్కూటీ అద్దానికి అంటిస్తుందని భర్త చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పెట్టుకుంటుందట.

డ్యూటీలో ఉంటే

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచిన నాటి నుంచీ తెలుగు క్రైస్తవ ఇళ్లకు నర్సు ఉద్యోగంతో గట్టి చుట్టరికం. నర్సు ఉన్న ఇంట్లో పండగ తేదీని డ్యూటీ చార్టు నిర్ణయిస్తుంది. భార్య 24న నైట్ షిఫ్టులో ఉండగా అత్తారింటికి ఒంటరిగా వెళ్లిన అల్లుడిని ఒకరిని చూశాను. మర్యాదలన్నీ జరిగాయి, మరదళ్లు ఏడిపించారు. అమ్మాయి లేకుండా అల్లుడొక్కడికే హారతిచ్చినట్టుందని అత్తగారు మాత్రం కళ్లు తుడుచుకున్నారు.

అమెరికా వెళ్లిన జంటలకు గడియారం ఇంకో ఆట ఆడుతుంది. డాలస్‌కు మనకు చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. ఫిరంగిపురంలో అర్ధరాత్రి గంట మోగేసరికి అక్కడ 24 మధ్యాహ్నం పన్నెండున్నర. ఆఫీసు క్యాంటీన్లో ఫోను ఆనించి ఊరి పూజ చూసి, ఇయర్‌ఫోన్లు తీసేసి మళ్లీ మీటింగుకు వెళ్తారు. వాళ్లకో సౌకర్యం కూడా ఉంది. ఎవరి ఊరికి టికెట్ తీయాలన్న గొడవ లేదు.

ఇన్ని తేడాల్లోనూ దాదాపు అన్ని సంఘాలకూ ఉమ్మడిగా మిగిలింది పాట. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు లూథరన్ చర్చిలో పాడతారు, బాప్టిస్టు చర్చిలో పాడతారు. కేరల్స్‌కు వచ్చినవాళ్లది ఏ సంఘమో అడగకుండానే ఇంటివాళ్లు గొంతు కలుపుతారు. నేను మాట్లాడిన జంటల్లో పాట మీద పేచీ పడింది ఒక్కటే. అదీ రాగం సాగదీయాలా, డ్రమ్ముతో ఉరికించాలా అన్న దాని మీద.

గచ్చిబౌలి జంటను చివర్లో ఈస్టర్ సంగతి అడిగాను. టికెట్ల సమస్య లేదన్నారు, ఈస్టర్‌కు ఎక్కడికీ వెళ్లరట. చిక్కంతా దానికి ముందు రోజుల్లో. విభూది బుధవారం నుంచి నలభై రోజులు ఆమె మాంసం ముట్టదు. అతని మేనల్లుడి మొదటి పుట్టినరోజు ఆ రోజుల్లోనే వచ్చింది, రెండు వందల మందికి భోజనాలు. మేనమామ భార్య హోదాలో వడ్డించేది ఆమే. తినకుండా వడ్డిస్తే ఆడపడుచు ఏమనుకుంటుందో, ముందే చెబితే ఏమనుకుంటుందో అని ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.